పైచదువుల దరఖాస్తు: ఇంటి పెద్దలు చేయదగు పని



మన వడ్డాది, చోడవరము, మాడుగుల ప్రాంతముల యిండ్లకు పూర్వము వచ్చుచుండిన కాగితములు మీ రెఱిగినవే. శిస్తు రసీదు, కోర్టు సమను, శుభలేఖ, చెఱకు తూకపు చీటి. వానిని చదివిన వెంటనే యేమి చేయవలెనో మీకు తెలియును. ఇప్పుడు కొన్ని యిండ్లకు వేఱొక తీరు కాగితము వచ్చుచున్నది. అది తపాలాలో రాదు; మనుమని చేతిలోని ఫోనులో వచ్చును. సముద్రము కావలి విశ్వవిద్యాలయ మొకటి ఆ బాలుని ఇట్లడుగును: "నీ వెట్టివాడవు? నిన్ను మార్చిన సంగతి యేది? ఈ చదువే నీకేల? 650 మాటలకు మించకుండ వ్రాయుము." బాలుడు మూడు రాత్రులు ఆ ప్రశ్నను ఎదుట నుంచుకొని కూర్చుండి, నాలుగవనాడు అరుగుమీద నున్న మీ యొద్దకు వచ్చి, "మనూర్లో రాయడానికేటుంది తాతా!" అనును.

ఆ మాట నిజము కాదని నా యభిప్రాయము. వ్రాయదగిన విషయ మెచ్చట దొరకునో, దానిని వెదకుటలో ఇంగ్లీషు రాని తాత సైతము ఏ విధముగ తోడ్పడగలడో ఈ పూట మీకు మనవి చేసెదను.

ముందుగా బాలుని తప్పు లేదని చెప్పవలెను. మన దేశమున కళాశాలలో చేరుటకు సాధారణముగ అడుగునది మార్కు, లేక ర్యాంకు. ఆంధ్రదేశమున ఇంజనీరింగు మొదలగు చదువులకు 1986 నుండి ఎంసెట్ పరీక్ష నడచినది. 2021 నుండి మన రాష్ట్రమున దానికే ఈఏపీసెట్ అని పేరు. నాలుగు జవాబులలో సరియైనదానిని గుర్తించుటయే గాని, ఆ పరీక్షలో తన్ను గూర్చి తాను ఒక్క వాక్యము వ్రాయు పని లేదు. ఇక బడిలో వ్రాయించు వ్యాసములందు మాత్రము స్వంత మాటకు చోటెక్కడిది? ఆవు వ్యాసమును వల్లించిన పిల్లవానిని కొబ్బరిచెట్టును గూర్చి వ్రాయుమనగా, వాడు చెట్టునకు ఆవును కట్టివేసి ఆవును గూర్చియే వ్రాసెనను కథ మీరందఱును వినియుందురు. పదునైదేండ్లు అట్లు చదివినవానిని ఒక్కసారిగ "నీ సంగతి చెప్పు" మన్నచో వాడు తెల్లబోవుట సహజము.

అడుగువారి పద్ధతి కొంత తెలిసికొందము. అమెరికాలో అనేక కళాశాలలకు ఒకే దరఖాస్తు పెట్టుకొను ఏర్పాటు కలదు. దానిని 1975లో పదునైదు కళాశాలలు కలిసి ప్రారంభించినవి. అందులోని ముఖ్య వ్యాసము 250 మాటలకు తగ్గరాదు, 650 మాటలు దాటరాదు. నీ వెదుర్కొన్న అడ్డంకి, నీవు ప్రశ్నించిన నమ్మకము, కాలము మఱపించునంతగా నిన్ను లోగొన్న విషయము, ఇట్టివానిలో నొకదానిని గూర్చి వ్రాయుమందురు. బ్రిటనులో 4,000 అక్షరముల పరిమితిగల ఒకే వ్యాసము చిరకాలము నడచినది. 2026లో చేరువారి నుండి దానిని మూడు ప్రశ్నలుగ విభజించినారు. ఏల ఈ చదువు, చదివిన చదువు నిన్ను దీనికెట్లు సిద్ధపఱచినది, చదువునకు వెలుపల నీవు చేసిన దేమి, అని ఆ ప్రశ్నల తాత్పర్యము. మన పిల్లలలో పెక్కుమంది ఇక్కడ బి.టెక్. ముగించి, అమెరికాలో ఎం.ఎస్. చదువబోవువారు. వారిని స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అను ఉద్దేశ పత్రము అడుగుదురు. పేర్లు వేఱైనను పని యొక్కటియే.

ఈ వ్యాసము మార్కులకు బదులు కాదు. మార్కులు చాలని చోట మంచి వ్యాసము సీటు నీయదు. సమానమైన మార్కులు గలవారు వందలకొలది నిలిచినపుడు, వారిలో నెవరిని పిలువవలెనో తేల్చుకొనుటకు ఇది పనికివచ్చును. ఇంకొక మాట. ఈ పద్ధతి పుట్టుక యేమంత నిర్మలమైనది కాదు. 1920 తరువాతి సంవత్సరములలో అమెరికాలోని కొన్ని గొప్ప విద్యాలయములు, పరీక్షలో గెలిచి వచ్చుచున్న యూదుల సంఖ్యను తగ్గింపగోరి, విద్యార్థి కుటుంబమును, శీలమును గూర్చి ప్రశ్నలు వేయనారంభించినవి. నేటి వాడుక వేఱు. అయినను అడుగువాడు సర్వజ్ఞుడని భయపడవలసిన పని లేదని చెప్పుటకే ఈ సంగతి యెత్తితిని.

ఇక భయపడవలసినది మఱియొకటి కలదు. విదేశపు చదువనగా ఇంటి పాసుపుస్తకము బ్యాంకులో తాకట్టుపడుట. రెండెకరముల చెఱకు భూమి, ఇల్లాలి నగలు, తండ్రి సంతకము, ఇవి యన్నియు ఒక దరఖాస్తు వెనుక నిలుచును. అట్టి దరఖాస్తులో బాలుడు తానై పలుకవలసిన తావు ఆ యొక్క పుట. ఆ పుటను పట్టణములోని ఏదో యొక ఏజెంటు వ్రాసిపెట్టెదనని డబ్బు పుచ్చుకొనును. అతని యొద్ద అచ్చు సిద్ధముగ నుండును. "బాల్యము నుండియు నాకు విజ్ఞానశాస్త్రమునందు అపారమైన ఆసక్తి కలదు" అని మొదలు. "మీ ఘనత వహించిన విశ్వవిద్యాలయము" అని తుద. పేరు మార్చి పదిమందికి అదియే యిచ్చును. చదువునట్టి అధికారి బల్లమీద అట్టివి కుప్పలుగ పడియుండును గనుక, మొదటి పంక్తిలోనే అతనికి విసుగు పుట్టును. అది చిన్న నష్టము. పెద్ద నష్ట మేమనగా, ఇది నా స్వంత రచనయే యని విద్యార్థి దరఖాస్తులో ప్రమాణము చేయుచున్నాడు. అబద్ధమని బయటపడినచో, ఇచ్చిన సీటును తీసివేయు హక్కు వారికి కలదు. ఈ కాలమున ప్రశ్న వేసినంతనే వ్యాసము వ్రాసి యిచ్చు యంత్రములు, కృత్రిమ మేధ యనునవి, ఫోనులలోనికి వచ్చినవి. అది వ్రాసినదానిని తనదిగా చూపుటయు మోసమేయని ఆ ఉమ్మడి దరఖాస్తు సంస్థ తన నియమములలో చేర్చినది. భూమి తాకట్టు పెట్టిన యింట ఆ గండము కొని తెచ్చుకొనుట యేల?

అట్లైన వ్రాయవలసిన దేమి? దీనికి మన యూరి చరిత్రలోనే యొక పోలిక దొరకినది. మత్స్యవంశపు రాజులు ఏలిన ఈ సీమకు ఒడ్డాది యని పేరు. మనకు పొరుగున దిబ్బిడలో దొరకిన తామ్రశాసనము ఆ వంశమువాడైన అర్జునునిది. దాని సంవత్సరము శకము 1191, అనగా క్రీ. శ. 1269. మత్స్యగర్భమున పుట్టిన మూలపురుషుని కథ అందు కలదు. ఇట్టి దానశాసనముల తీరు చూడుడు. మొదట వంశప్రశస్తి. ఏ రాజునకైనను కీర్తి చంద్రునివలె తెల్లన, ప్రతాపము సూర్యునివలె చండము. రాజు పేరు తీసివేసి వేఱొకని పేరు పెట్టినను శ్లోకము చెడదు. పిమ్మట దానమిచ్చిన యూరి పొలిమేరలు వచ్చును. తూర్పున పుట్ట, ఆగ్నేయమున చింతచెట్లు, దక్షిణమున చెఱువుకట్ట, ఇట్టి గుర్తులు. ఈ భాగమును తీసి మఱియొక యూరికి అంటింపలేము. రేపు తగవు వచ్చినచో సాక్ష్యమునకు నిలుచునది యీ పొలిమేరల భాగమే గాని, చంద్రునివంటి కీర్తి కాదు. మన పిల్లలు వ్రాయుచున్న వ్యాసములు అన్నియు ప్రశస్తి. పొలిమేరలు వ్రాసినవాడు వందమందిలో నొకడు.

ఆ పొలిమేరలు పిల్లవానికే కనబడవు. రోజును చూచునది గనుక అది విశేషమని తోచదు. దానిని బయటికి లాగుటకు ప్రశ్న కావలెను. మా ప్రాంతమున బెల్లము వండు ఒక యింట జరిగినది చెప్పెదను. ఆ యింటి యాడపిల్ల ఆహారపదార్థముల శాస్త్రము చదువగోరి విదేశమునకు దరఖాస్తు పెట్టుచు, పైన చెప్పిన "బాల్యము నుండియు" అను వాక్యముతోనే ఆరంభించినది. తాత దానిని తెలుగున చెప్పించుకొని విని, బాగున్నదనలేదు, బాగులేదనలేదు. "ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వు చేసిన పనేటమ్మా?" అని మాత్ర మడిగినాడు. ఆమె చాలసేపు ఆలోచించి, "అటక మీద బెల్లం ముక్కలు దాచేను కదా తాతా, అది తప్ప ఏటీ లేదు" అన్నది.

ఆ ముక్కల కథ యిది. పెనములో చెఱకు రసము కాగునపుడు సున్నపు నీరు పోసినచో రసములోని పులుపు విఱిగి మడ్డి పైకి తేలును. దానిని తీసివేయుచు, పాకము ముదిరినదో లేదో చల్లని నీటిలో చుక్క వేసి చూతురు. ఇది తాతల నాటి విద్య. తరువాతి కాలమున హైడ్రోసు అను తెల్లని పొడి వచ్చినది. అది పడినచో బెల్లము బంగారు ఛాయ దేఱును. అనకాపల్లి బజారులో పసుపుపచ్చని దిమ్మకు పలుకు ధర నల్లని దిమ్మకు పలుకదు. ఈ పిల్ల పొడి వేసిన ముక్క నొకటి, వేయని ముక్క నొకటి తీసి, వానకాలమంతయు అటకమీద నుంచి, వారమున కొకసారి చూచి గోడమీద బొగ్గుతో గీత పెట్టుకొన్నదట. పొడి వేసిన ముక్క రంగు నిలువక క్రమముగ మాసినది. తడిగాలికి రెండును చెమర్చినవి. ఆమె తండ్రితో, ఆ పొడి వేయవద్దని వాదించినది. తండ్రి, "రంగు లేకపోతే కొనేవోడేడమ్మా" అన్నాడు. వేయుట మానలేదు, మానగల స్థితి ఆయనకు లేదు. వాదమున ఎవరు గెలిచినదియు తేలలేదు.

చూచితిరా, ఎంత విషయము! రసాయనశాస్త్ర మున్నది, అంగడి న్యాయ మున్నది, తండ్రిమీది ప్రేమయు, తండ్రితోడి వివాదమును గలవు, తీరని ప్రశ్న యొకటి కలదు. పొడి లేకుండ రంగు నిలుపుట యెట్లు? ఆ ప్రశ్నకొఱకే ఆ చదువు. "ఏటీ లేదు" అన్న మాట వెనుక ఇంత యున్నది. ఆమె ఆ యటక సంగతినే వ్రాసినది. ఒకచోట సీటు రాలేదు, మఱియొకచోట వచ్చినది.

కావున మీరు అడుగవలసిన ప్రశ్నలు అట్టివి. నీకు తెలిసి నాకు తెలియని దేమి? ఏ సంగతిలో నీ తలంపు మాఱినది, ఎప్పుడు, ఎవరివలన? ఇంటిలో నీవు లేనినాడు ఏ పని నిలిచిపోవును? ఏ మాట విని నీకు కోపము వచ్చినది? పెద్దేరు పొంగినపుడు బడికెట్లు పోతివి అని యడిగినచో ఊరకుండువాడు, పొంగిన యేటిని చూచి నీకేమి తోచినది అన్నచో మాటలాడవచ్చును. మాడుగుల హల్వాను గోధుమపాలతో చేయుదురు. గోధుమ పండని సీమలో ఆ పాకమెట్లు కుదురుకొన్నదని యే పిల్లవాడైనను ఎన్నడేని అడిగెనా? అడిగియున్నచో అదియు నొక విషయమే. జవాబు రానిచో మీరు తొందరపడి అందింపకుడు. ఊరకుండుట మన పెద్దలకు మిక్కిలి కష్టమైన పని యని నే నెఱుగుదును.

పెద్దలవలన కలుగు చిక్కులు కూడ రెండు మూడు గలవు. మొదటిది వంశగౌరవము. ముత్తాత మునసబు చేసినాడనియు, మనకు పూర్వ మిన్ని గరిసెల భూమి యుండెననియు వ్రాయుమందురు. అడిగినది మనుమని సంగతి గదా! ముత్తాతకు సీటు అక్కఱలేదు. తాతను గూర్చి వ్రాయవచ్చును, కాని తాత వలన మనుమడు నేర్చిన దేమో, చేసిన దేమో పుటలో సగమునకు పైగా కనబడవలెను. రెండవది దీనికి తలక్రిందులు. పేదఱికమును పెంచి చెప్పినచో జాలిపడి సీటిత్తురని కొందఱు చెప్పుదురు. లేని కష్టమును కల్పించుట అబద్ధము. ఉన్న కష్టమును బిచ్చపు చిప్పవలె చాచుట పిల్లవాని మనస్సునకు గాయము. కష్టము నిజమైనచో నాలుగు వాక్యములలో చెప్పి, దానినుండి వాడు ఏమి చేసెనో తక్కిన పుటలో చెప్పనిండు. ఇంటిలోని వారి వ్యాధి, అప్పు, కలహము వంటివి వ్రాయుటకు ముందు ఆ వ్యక్తి యనుమతి యడుగుట మర్యాద. మూడవది, ప్రతిదానికి ఫలశ్రుతి కోరుట. మనము కథ వినగానే నీతి యేమందుము. వ్యాసమున చివర ధర్మపన్నము చేర్చుమని పిల్లవానిని బలవంతపెట్టకుడు.

స్వంత యింట పుట్టిన ప్రశ్న ఎంతదూరము పోవునో మన తెలుగువాని జీవితమున నొక నిదర్శనము కలదు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున పుట్టినారు. మదరాసులో వైద్యము చదువుచున్న కాలముననే వారి సోదరు లిద్దఱు గ్రహణివంటి స్ప్రూ అను వ్యాధిచే కొలది దినముల యంతరమున గతించిరి. తామును ఆ జబ్బున పడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరి. మామగారి సాయముతోను, కాకినాడ మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థ సాయముతోను బోస్టనునకు ఓడ యెక్కి, హార్వర్డులో చేరినది ఉష్ణమండల వ్యాధుల చదువునకు. రెండు దశాబ్దుల పిమ్మట లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడపిన బృందము ఫోలిక్ ఆమ్లమును వేఱుచేసి, కృత్రిమముగ తయారుచేసినది. స్ప్రూ వ్యాధిలోని రక్తహీనతకు అది మందైనది. ఆయన 1948లో గతించిరి. ఈ చదువే నీకేల అని యెవరైన అడిగియుండినచో, వారికి వెదకవలసిన పని యుండెడిది కాదు. అందఱి యింటను అంత దుఃఖము కలుగనక్కఱలేదు. బెల్లపు ముక్క చాలును.

వ్రాయుటను గూర్చి కొంచెము. మొదట తెలుగులోనే, నోటితో చెప్పినట్లు వ్రాయుట మేలు. ఇంగ్లీషున ఆరంభించినచో, పిల్లవానికి వచ్చిన పెద్దమాటలు సంగతిని తమ దారిని లాగుకొని పోవును. తెలుగున సంగతి నిలిచిన పిమ్మట వాడే ఇంగ్లీషు చేయవలెను. బడి మాస్టరుగారు తప్పులు చూపవచ్చును. వాక్యములు తామే వ్రాసి యీయరాదు. తుదకు మీ పని మరల వచ్చును. వాడు వ్రాసినదానిని తెలుగున చెప్పుమనుడు. పేరు తీసివేసి చదివినను "ఇది మా వాడే" అని మీ రానవాలు పట్టగలిగినచో అది పంపదగినది. పొరుగింటి వానిదో, పొరుగూరి వానిదో కూడ కావచ్చునని తోచినచో, ఇంకను ప్రశస్తి మిగిలియున్నదన్న మాట. ఏ వాక్యము కడ అట్లు తోచినదో వ్రేలు పెట్టి చూపుడు. దిద్దుట వాని వంతు.

ఇక కాలము సంగతి. అమెరికా ఉమ్మడి దరఖాస్తును ఏటేట ఆగస్టు 1వ తేదీన తెఱచుదురు. ముందుగా పెట్టుకొనువారికి తఱచు నవంబరు 1, తక్కినవారికి జనవరి మొదటి దినములు గడువు. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జిలకు అక్టోబరు 15. బ్రిటనులోని తక్కిన వానిలో పెక్కింటికి జనవరి నడుమ. ఎం.ఎస్. చదువులకు గూడ చాలచోట్ల డిసెంబరు, జనవరి నెలలే. సరిగ్గా ఆ నెలలలోనే మన యిండ్లలో చెఱకు నఱకుట, గానుగ, సంక్రాంతి. అప్పుడు ఎవరికిని తీరిక యుండదు, పెనము దగ్గఱ నిలిచినవాని మనస్సు పెనము మీదనే యుండును. కనుక శ్రావణ భాద్రపదములలో, వానకు పొలము పని నిలిచిన సాయంకాలములు ఇందునకు ఉంచుకొనుడు. మొదటి రెండు మూడు నాళ్లు కాగితము వలదు, ఊరక మాటలు. ఆ పిమ్మట ఒక నోటుపుస్తకము తెప్పించి, ఆనాడు చెప్పుకొన్న సంగతులు తేదీ వేసి వ్రాసియుంచుమనుడు. దసరా నాటికి అందులో పది, పదునైదు సంగతులు చేరును; వానిలో ఏది పంపవలెనో అప్పుడు వాడే యేఱుకొనును.